సంత రోజు దాకా ఆగాలి: లాంగ్ డార్క్‌లో సొంత ఛాలెంజ్ పెట్టుకోవడం ఎలా

ద లాంగ్ డార్క్ అనే వీడియో గేమ్ ఆడేవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట ఒక రోజు వస్తుంది. అరవయ్యో రోజో, ఎనభయ్యో రోజో. గుడిసె నిండా ఎండుకట్టెలు, గూట్లో డబ్బా తిండి, గోడకి ఆనించిన తుపాకీ, ఒంటిమీద తోడేలు తోలు కోటు. బయట మంచుతుఫాను కొడుతున్నా మనకు ఏ టెన్షనూ లేదు. అంత కష్టపడి సంపాదించుకున్న ఆ నిశ్చింతే ఆటని చంపేస్తుంది. రాయగడలో మా స్నేహితులం నలుగురం ఈ ఆట ఆడతాం, ఇద్దరు తెలుగువాళ్ళం, ఇద్దరు ఒడియావాళ్ళు. నలుగురికీ ఇదే జరిగింది. ఆ తర్వాత మేం సొంతంగా నియమాలు పెట్టుకుని ఆడటం నేర్చుకున్నాం, ఇప్పుడు ఆట మాకు మొదటిరోజు కంటే ఎక్కువ నచ్చుతోంది. ఎలా పెట్టుకోవాలో వరసగా చెప్తాను.

ఆట తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. కెనడాలోని హింటర్‌ల్యాండ్ స్టూడియో చేసింది, 2014లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే ఇంకా తయారవుతుండగానే ఆడనిచ్చే రూపంలో వచ్చి 2017 ఆగస్టులో పూర్తిగా విడుదలైంది. అయస్కాంత తుఫాను వల్ల కరెంటూ యంత్రాలూ ఆగిపోయిన గ్రేట్ బేర్ ఐలాండ్ అనే మంచు ప్రాంతంలో మీరొక్కరే ఉంటారు. జాంబీలు లేరు. చలి, ఆకలి, దాహం, అలసట, వాటితోపాటు తోడేళ్ళు, ఎలుగుబంట్లు. సర్వైవల్ మోడ్‌లో మామూలుగా ఒకసారి చచ్చిపోతే సేవ్ ఫైల్ కూడా పోతుంది, అక్కడితో ఆ ప్రాణం అయిపోయినట్టే. ఆటలో ఒక పగలూ రాత్రీ కలిపి మన గడియారంలో దాదాపు రెండు గంటలు, నిద్రపోతే ఇంకా త్వరగా గడుస్తుంది. ఛాలెంజ్ ఎన్ని రోజులు పెట్టుకోవాలో లెక్కవేసేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది.

మొదటి మెట్టు: మీరు దేనిమీద ఆనుకుని బతుకుతున్నారో కనిపెట్టండి

చాలామంది విసుగు రాగానే కష్టం స్థాయి పెంచేస్తారు. వాయేజర్ నుంచి స్టాకర్‌కి, స్టాకర్ నుంచి ఇంటర్‌లోపర్‌కి. అది తప్పని నేను అనను, కానీ స్థాయి పెంచితే అన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి: చలి పెరుగుతుంది, సామాను తగ్గుతుంది, జంతువులు మీద పడతాయి. ఏది మిమ్మల్ని చంపిందో, ఏది నేర్పిందో తెలియకుండానే మూడోరోజు పోతారు. సొంత ఛాలెంజ్ పని వేరు. మీరు ఊతకర్రలా పట్టుకున్న ఒక్కదాన్ని తీసేస్తుంది, మిగతాదంతా మామూలుగానే ఉంచుతుంది. కర్ర లేకుండా నడవడం అప్పుడు వస్తుంది.

అందుకే ముందు పాత ఆటనే ఇంకో ఐదు రోజులు ఆడండి, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని. ప్రాణం మీదకి వచ్చిన ప్రతిసారీ దేన్ని వాడి బయటపడ్డారో ఒక్క మాటలో రాయండి. నా పేజీలో ఏం తేలిందంటే, తొమ్మిదిసార్లు ఇబ్బంది వస్తే ఏడుసార్లు నేను చేసింది దగ్గర్లోని ఇంట్లోకి దూరి తలుపేసుకోవడం. తోడేలు కనపడితే ఇల్లు, గాలి లేస్తే ఇల్లు, చేతులు గడ్డకడితే ఇల్లు. తుపాకీ నా ఊతకర్ర అనుకునేవాణ్ణి. కాదు, గోడలు. మా గుంపులో ఇంకొకడిది అగ్గిపెట్టె అని తేలింది, అడుగడుగునా నెగడు వేసేవాడు. ఇంకొకడు పగలంతా కడుపు మాడ్చుకుని పడుకునేముందు మాత్రం తిని తిండి పొదుపు చేసేవాడు. ఇది ఈ ఆటలో చాలా పాత కిటుకు. వరసగా మూడు రోజులు కడుపు పూర్తిగా ఖాళీ కాకుండా చూసుకుంటే ఒంట్లో సత్తువ పెరిగి ఐదు కిలోల బరువు ఎక్కువ మోయగలగడం అనే లాభాన్ని స్టూడియో తర్వాత పెట్టింది కాబట్టి ఇప్పుడు ఆ కిటుకుకి ఖరీదు ఉంది, అయినా వాడేవాళ్ళు వాడతారు.

రెండో మెట్టు: ఒక్కటే తీసేయండి

ఒక్కటే. మొదటిసారి ఉత్సాహంలో అందరూ ఐదు నియమాలు రాస్తారు: తుపాకీ వద్దు, డబ్బా తిండి వద్దు, ఇళ్ళు వద్దు, నిప్పు వద్దు, పరుపు వద్దు. అలా రాసినవి రెండు రోజుల్లో ఆగిపోతాయి, ఎందుకంటే ఏ నియమం వల్ల ఆట మారిందో మీకే తెలియదు.

తీసేసినప్పుడు ఆటలో ఇంకో దారి తెరుచుకోవాలి, అదీ చూసుకోండి. ఉదాహరణకి అగ్గిపుల్లలు తీసేశారనుకోండి, భూతద్దం ఉంది. కానీ భూతద్దంతో నిప్పు పుట్టాలంటే ఆరుబయట, ఎండ కాస్తూ ఉండాలి. అంటే మీ వంట, నీళ్ళు కాచుకోవడం అంతా ఎండ పొద్దుకి జరుపుకోవాలి, మబ్బు పట్టే లోపు మండుతున్న నెగడులోంచి కాగడా తీసుకుని ఇంకో చోట నిప్పు రాజేయడం నేర్చుకోవాలి. ఒక్క నియమంతో మీరు ఆకాశాన్ని చూడటం మొదలుపెడతారు. మంచి ఛాలెంజ్ అంటే నా దృష్టిలో ఇది. నీళ్ళే తాగకూడదు అని పెట్టుకున్నారనుకోండి, దానికి ఇంకో దారి లేదు, చావడం తప్ప నేర్చుకునేదీ లేదు.

మూడో మెట్టు: ఏ మోడ్‌లో ఆడాలి

దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. మీరు హాయిగా ఆడగలిగే మోడ్ కంటే ఒక మెట్టు కిందదాన్ని తీసుకోండి, పైదాన్ని కాదు. కొత్తవాళ్ళు అన్నిటికంటే తేలికైన పిల్‌గ్రిమ్‌లో పెట్టుకున్నా నామోషీ లేదు, అక్కడ జంతువులు మీద పడవు కాబట్టి చలి, తిండి లెక్కల మీద మనసు పెట్టొచ్చు. ఇంటర్‌లోపర్‌లో తుపాకులు అసలు దొరకవు, కత్తి గొడ్డలి కూడా కొలిమి దగ్గర మీరే చేసుకోవాలి, దానికి బొగ్గు వేసి మంట 150 డిగ్రీలకి తేవాలి. అంటే అది స్టూడియో మన కోసం పెట్టిన ఛాలెంజ్, దానిమీద మళ్ళీ మనది పెట్టడం బాగా ఆరితేరాక చూసుకోవచ్చు. కస్టమ్ మోడ్‌లో వాతావరణం, జంతువుల సంఖ్య, సామాను ఎంత దొరకాలి లాంటివి మీరే దిద్దుకోవచ్చు. అక్కడ ఒక్కటే జాగ్రత్త, మీటలు తిప్పుతూ కూర్చుంటే సాయంత్రమంతా అందులోనే అయిపోతుంది.

నాలుగో మెట్టు: నియమాన్ని కాగితం మీద రాయండి, సందులు మూయండి

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. నేను మొదట పెట్టుకున్న ఛాలెంజ్ "ముప్పై రోజులు ఇంట్లో పడుకోను." వినడానికి ఎంతో స్పష్టంగా ఉంది కదా. రెండోరాత్రి ఆటలోని మిస్టరీ లేక్ అనే ప్రాంతంలో గడ్డకట్టిన చెరువు ఒడ్డున గాలి లేచింది, ఎదురుగా మంచుమీద చేపలు పట్టే చిన్న గుడిసె. అది ఇల్లేనా? లోపల పొయ్యి ఉంది, పైన కప్పు ఉంది, కానీ లోపలికి వెళ్తే స్క్రీన్ మారదు. పాడైపోయిన కారులో పడుకోవచ్చా? గుహలో? పగలు ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టుకోవచ్చా, పడుకోవడం మాత్రమేనా వద్దన్నది? చలిలో వణుకుతూ ఆలోచిస్తే మన మనసు ఎప్పుడూ మనకి అనుకూలంగానే తీర్పు చెప్తుంది. అందుకే తీర్పు ముందే, చలి లేనప్పుడు, కుర్చీలో కూర్చుని చెప్పేసుకోవాలి.

నేను తర్వాత రాసుకున్నది ఇలా ఉంది: తలుపు తెరిస్తే లోడింగ్ స్క్రీన్ వచ్చే చోటల్లా ఇల్లే. అలా రానిది ఆరుబయలే, కాబట్టి చేపల గుడిసె, లోతు లేని గుహ, కారు, నేను కట్టుకున్న మంచుగూడు అన్నీ నావి. ఇంట్లోకి వెళ్ళొచ్చు, ఉన్న వస్తువులు తీసుకోవచ్చు, కానీ ఆటలో గంట దాటకుండా బయటికి రావాలి. మంచుగూడు కట్టడానికి పదిహేను పుల్లలు, ఐదు గుడ్డముక్కలు కావాలి. గుడ్డముక్కలు ఇళ్ళలో తెరలూ పాత చొక్కాలూ చింపితే వస్తాయి కాబట్టి ఇంట్లోకి ఆ గంట వెళ్ళనివ్వకపోతే ఛాలెంజ్ నడవదు. ఈ నాలుగు వాక్యాలు రాశాక ఇక ఆట మధ్యలో వాదన రాలేదు.

ఇంకో సందు ఉంది, అది ఆటలోది కాదు, మా ఊరిది. వానాకాలం సాయంత్రాలు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఈ ఆట మామూలుగా మీరు ఇంట్లోకి వెళ్ళినప్పుడో నిద్రపోయినప్పుడో సేవ్ అవుతుంది, కాబట్టి కరెంటు పోతే గంట కష్టం వెనక్కి వెళ్ళిపోతుంది. అప్పుడు ఏం చెయ్యాలి? మేం పెట్టుకున్నది: కరెంటు పోతే సేవ్ అయిన చోటునుంచే ఆడాలి, కానీ పోకముందు తోడేలు కరిచి ఉంటే ఆ పూట ఆ దారిన మళ్ళీ వెళ్ళకూడదు. ముందు చూసిన దాన్ని వాడుకుని లాభపడకూడదు, అంతే. మీ ఊళ్ళో కరెంటు బాగుంటే మీకీ గొడవ లేదు.

ఐదో మెట్టు: ఎక్కడ ఆగాలో ముందే రాయండి

"ఎన్ని రోజులు బతికితే అన్ని రోజులు" అనేది ఛాలెంజ్ కాదు, అది మామూలు ఆటే. రోజు గానీ, చోటు గానీ, పని గానీ పెట్టుకోవాలి. ముప్పయ్యో రోజు పొద్దున్న, లేదా టింబర్‌వుల్ఫ్ మౌంటెన్ శిఖరం మీద కూలిన విమానం దగ్గర నిలబడేదాకా, లేదా ఒంటిమీద ఉన్న బట్టలన్నీ నా చేత్తో కుట్టినవే అయ్యేదాకా. పని మీద పెట్టుకుంటే ఆటలో ఆరడానికి పట్టే కాలాలు గుర్తుంచుకోండి: కుందేలు తోలు మూడు రోజులు, పేగులూ జింక తోలూ ఐదేసి రోజులు, తోడేలు తోలు ఏడు, ఎలుగుబంటి తోలు పన్నెండు. పదిరోజుల ఛాలెంజ్‌లో ఎలుగుతోలు కోటు అని రాసుకుంటే మొదలుపెట్టకముందే ఓడిపోయినట్టు.

మొదటిది పదిహేను రోజులకి మించనివ్వకండి. రోజుకి గంట ఆడేవాళ్ళకి అదే రెండు మూడు వారాలు పట్టొచ్చు.

ఆరో మెట్టు: మూడు రోజులు తూచి చూడండి

అసలు ఛాలెంజ్ మొదలుపెట్టేముందు వేరే సేవ్‌లో అదే నియమంతో మూడు రోజులు ఆడండి. ఏమీ ఇబ్బంది లేకుండా గడిస్తే నియమం వదులుగా ఉంది. మూడుసార్లు మూడోరోజు లోపలే పోతే మరీ బిగువుగా ఉంది. ఒకసారి పోయి, రెండోసారి కష్టంమీద బతికితే సరిగ్గా ఉన్నట్టు. కాగితం మీద ఒక్క మాట మార్చండి, పూర్తిగా తిరగరాయకండి.

ఇక మా సంత ఛాలెంజ్

ఇప్పటిదాకా చెప్పిన మెట్లన్నీ కలిపితే ఏమొస్తుందో చూపించడానికి, మేం కట్టుకున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పూర్తిగా రాస్తున్నాను.

మా జిల్లాలో బిస్సంకటక్ దగ్గర చాటికోనలో బుధవారం సంత జరుగుతుంది. నియమగిరి కొండల మీది ఊళ్ళనుంచి అక్కడి గిరిజనులు డొంగ్రియా కొంధులు పసుపు, అల్లం, పనస, అనాస లాంటివి మోసుకుని దిగుతారు, అమ్ముకుని, కొండమీద దొరకనివి కొనుక్కుని మళ్ళీ ఎక్కుతారు. చిన్నప్పుడు మా మావయ్యతో ఆ సంతకి వెళ్ళేవాణ్ణి. వాళ్ళ బతుకు ఆట కాదు, దాన్ని ఆటగా చూపించాలని నాకు లేదు. నేను తెచ్చుకున్నది ఒక్క ఆలోచనే: వారానికి ఒక్కరోజే కొనే వీలుంటే మిగతా ఆరు రోజులు దేనికి ఎంత కావాలో ఎంత గట్టిగా లెక్క వేసుకోవాలి! లాంగ్ డార్క్‌లో నేను ఏ ఇల్లు కనపడితే ఆ ఇంట్లోకి దూరి బీరువాలన్నీ ఖాళీ చేసేవాణ్ణి. అదే నా ఊతకర్ర, దాన్నే తీసేశాం.

నియమాలు ఇవి. మిస్టరీ లేక్, వాయేజర్ మోడ్, ముప్పై రోజులు. అడవి పక్కనున్న ట్రాపర్ గుడిసె మీది, అక్కడ పడుకోవచ్చు, తోళ్ళు ఆరబెట్టుకోవచ్చు, మొదటిరోజు అందులో దొరికినవి తీసుకోవచ్చు, తుపాకీ ఉంటే అక్కడే వదిలెయ్యాలి. ఆ ప్రాంతంలో మిగతా ఇళ్ళూ ఆఫీసులూ అన్నీ సంత. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిదో రోజుల్లో మాత్రమే, అదీ ఒక్క ఇంట్లోకే, వెలుగు ఉండగానే వెళ్ళాలి. అక్కడ ఏది తీసుకున్నా దానికి బదులు అడవినుంచి తెచ్చింది నేలమీద పెట్టి రావాలి, పెట్టింది మళ్ళీ తీసుకోకూడదు.

ధరలు పెట్టడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. చివరికి నిలిచినవి: ఆరిన కుందేలు తోలు ఇస్తే ఒక చిన్న వస్తువు, అంటే ఒక డబ్బా తిండి గానీ, సూదీదారం గానీ, ఒక అగ్గిపెట్టె గానీ. ఆరిన జింక తోలుకి ఒక బట్ట లేదా మూడు చిన్న వస్తువులు. కత్తికీ గొడ్డలికీ రెండేసి జింక తోళ్ళు. వండిన మాంసానికి కిలోకి ఒక చిన్న వస్తువు, కానీ పచ్చిమాంసం చెల్లదు, ఎందుకంటే పచ్చిది ఒప్పుకుంటే ఒక్క జింక దొరికినవాడు సంతంతా కొనేస్తున్నాడు.

ఇలా ఆడితే ఏం జరుగుతుందో చూడండి. కుందేలు తోలు ఆరడానికి మూడు రోజులు కదా, కాబట్టి ఏడోరోజు సంతకి పట్టుకెళ్ళాలంటే నాలుగోరోజు లోపల కుందేలుని పట్టి, తోలు తీసి, గుడిసెలో పరిచి ఉండాలి. జింక తోలైతే రెండోరోజుకే. రెండోరోజుకి మన దగ్గర విల్లూ ఉండదు తుపాకీ ఉండదు. అందుకే రాయి. నేలమీది రాయి తీసి కుందేలుకి తగిలేలా విసిరితే అది సొమ్మసిల్లుతుంది, లేచేలోపల పరిగెత్తి పట్టుకోవాలి. ఎన్నో నెలలు ఆడినా నేను రాయి విసరడం సరిగ్గా నేర్చుకున్నది ఈ ఛాలెంజ్‌లోనే. జింక కావాలంటే ఆకాశంలో కాకులు గుండ్రంగా తిరిగే చోటు వెతకాలి, వాటి కింద ఏదో ఒక కళేబరం ఉంటుంది. కత్తి లేకుండా చేత్తో తోలు ఒలవడానికి ఎంతసేపు పడుతుందో, ఆ సేపు నెగడు ఆరిపోకుండా, తోడేలు రాకుండా ఎలా చూసుకోవాలో, అదొక పూట పని.

తిండికి మొదటి వారం జమ్ము మీద ఆధారపడండి. నీటి ఒడ్డున గోధుమరంగు కంకులతో నిలబడి ఉంటుంది, మన చెరువుల్లో చూసే జమ్ము లాంటిదే, ఒక్కోదానికి 150 కేలరీలు, బరువు దాదాపు లేదు, పాడవదు. కానీ ఒకసారి పీకితే మళ్ళీ మొలవదు. కాబట్టి మొదటి వారమే అంతా పీకేస్తే నాలుగో వారానికి మీకేమీ ఉండదు. నేను ఒడ్డుని నాలుగు భాగాలుగా అనుకుని సంతకీ సంతకీ మధ్య ఒక్కో భాగం తింటాను. ఇంకో మాట, తోడేలు మాంసం, ఎలుగు మాంసం తింటే కడుపులో పురుగులు పడే ప్రమాదం ఉంది, వంట నైపుణ్యం ఐదో స్థాయికి వచ్చాకే అది పోతుంది. ఆకలి మండుతున్నా ఆ మాంసాన్ని ముట్టకుండా, వండి సంతకి దాచుకున్నవాడు మాలో బాగా గెలిచాడు.

సంత రోజున ఇంట్లోకి అడుగుపెట్టాక వచ్చే బాధ వేరేగా ఉంటుంది. బల్లమీద అగ్గిపెట్టె, అల్మారాలో ఊలు కోటు, మూలన గొడ్డలి. సంచిలో మూడు కుందేలు తోళ్ళు. కోటు ఎదురుగా ఉండగా అగ్గిపెట్టె, రెండు డబ్బాలు తీసుకుని బయటికి రావాలి. అంతకుముందు వంద ఇళ్ళు దోచినా ఒక్క వస్తువు కూడా నాకు గుర్తులేదు. ఈ ఛాలెంజ్‌లో మొదటి నెలలో కొన్నవన్నీ ఇప్పటికీ వరసగా చెప్పగలను.

నియమం తప్పితే?

తప్పుతారు. తుఫానులో దారి తప్పి, ప్రాణం నాలుగు శాతానికి వచ్చి, ఎదురుగా ఇల్లు కనపడితే దూరతారు. అప్పుడు ఆట ఆపేయకండి, దాచకండి కూడా. ఆ రోజు పేజీలో తప్పినట్టు రాసి, ముందే అనుకున్న జరిమానా కట్టండి. మా సంత ఛాలెంజ్‌లో జరిమానా ఏంటంటే తర్వాతి సంత పోతుంది, అంటే ఇంకో వారం కొనడం లేదు. రెండుసార్లు తప్పితే ఛాలెంజ్ అయిపోయినట్టు. జరిమానా ముందే రాసి ఉండాలి, లేకపోతే తప్పిన క్షణంలో మనమే న్యాయమూర్తి, మనమే దొంగ.

స్నేహితులతో కలిసి ఆడితే

మా సర్వైవల్ మోడ్ ఆటలన్నీ ఎవరికివారివే, కాబట్టి పోటీ పెట్టుకోవాలంటే అందరూ ఒకే ప్రాంతం, ఒకే మోడ్, ఒకే నియమాల కాగితం తీసుకుని ఎవరి ఇంట్లో వాళ్ళు ఆడి, ఆదివారం నోట్‌బుక్కులు పక్కపక్కన పెట్టుకోవాలి. వీడియోలు అక్కర్లేదు, రాసిందాన్ని నమ్మాలి. మా ఒడియా మిత్రుడు తన పేజీలన్నీ బొమ్మలతో నింపుతాడు, ఏ చెట్టు దగ్గర ఎండుకొమ్మలు దొరికాయో గీతలు గీసి చూపిస్తాడు, ఆ బొమ్మల వల్లే నాకు చెరువుకి ఉత్తరం వైపు దారి తెలిసింది.

వాల్‌హైమ్‌కీ, గ్రీన్ హెల్‌కీ, మైన్‌క్రాఫ్ట్ హార్డ్‌కోర్‌కీ కూడా ఇవే మెట్లు పనిచేస్తాయి. ఊతకర్ర మాత్రం ఆటకో రకం. మైన్‌క్రాఫ్ట్‌లో చాలామందికి అది మంచం, రాత్రిని దాటేయడం. మీది మీరే చూసుకోండి.

చివరి మెట్టు: పోయిన పది నిమిషాల్లో రాయండి

గెలిచినా పోయినా కుర్చీలోంచి లేవకముందు మూడు లైన్లు రాయాలి. ఎన్నో రోజు, ఏది చంపింది, దానికి ఎన్ని రోజుల ముందు ఏం చెయ్యకపోవడం వల్ల ఇలా అయింది. మూడో లైనే అసలుది, తర్వాతి ఛాలెంజ్ అందులోంచే పుడుతుంది. నా సంత ఛాలెంజ్ మొదటిసారి ఆగిన పేజీ ఇదీ: "పంతొమ్మిదో రోజు. చలి. చెరువు మీద గాలి, నెగడు రెండుసార్లు ఆరిపోయింది, పుల్లలు అయిపోయాయి. పద్నాలుగో రోజు సంతలో ఒక్క జింక తోలు ఉండగా మూడు అగ్గిపెట్టెలు తీసుకోకుండా కోటు తీసుకున్నాను." రెండోసారి కోటు వదిలేశాను. ఇరవై ఒకటో రోజు సంతకి రెండు జింక తోళ్ళు మోసుకెళ్ళి గొడ్డలి కొన్నాను, ఆ సాయంత్రం గుడిసె ముందు పడిపోయిన దుంగ ఒకటి నరికి పొయ్యిలో పెట్టాను.